గుమ్మం మనిషి

గుమ్మం బయట నిలబడ్డ ముసలాయన నవ్వుతున్నాడు.

చావింటి గుమ్మం ముందు!

ఎస్తేరు రాణికి ఒళ్లు మండింది. లోపల శవపేటికలో తల్లి మార్గరెట్. కాసేపట్లో బయల్దేరాలి.

వాళ్లింట్లో ఒక ఆచారం. ఎవరైనా పోతే నల్లకోటు, నల్లటోపీ పెట్టుకుని ఒక మనిషి గుమ్మం బయట నిలబడాలి. మాట్లాడకూడదు. మొహం వేలాడేసుకుని ఉండాలి, అంతే పని. ముత్తాత తెల్లదొర ఇంట్లో బట్లరుగా ఉన్నప్పుడు చూసి నేర్చుకొచ్చాడు. దొరలు ఎప్పుడో మానేశారు. రంగూన్ సంచౌంగ్ పేటలో ఈ ఇంటివాళ్లు మాత్రం వదల్లేదు.

మార్గరెట్ మతం మారి పెళ్లి చేసుకున్నప్పటి నుంచి పుట్టింటివాళ్లు ఈ వీధి మొహం చూడలేదు. ఆ లోటు నలుగురికీ తెలియకుండా అమ్మని దర్జాగా సాగనంపాలని ఎస్తేరు పట్టుదల.

తీరా చూస్తే ఎప్పుడూ నిలబడే అహరోను తాత రాలేదు. అదే కోటు తగిలించుకుని ఈయనెవరో వచ్చాడు.

ఎదురింటి బర్మా ఆవిడ డా ఖిన్ నోటికి రుమాలు అడ్డం పెట్టుకుని లోపలికొచ్చింది. పాపం ఏడుస్తోందనుకుంది ఎస్తేరు.

నవ్వుతోంది!

ఎస్తేరు విసవిసా గుమ్మంలోకి వెళ్లింది.

“ఏటి తాతా, ఏటి సెప్తన్నావు ఆళ్లకి?”

“మీ యమ్మ సిన్నప్పటి ముచ్చటమ్మా. బౌద్ధ మఠంలో జాంచెట్టెక్కి, కింద కూకున్న సాధువు ఒళ్లో జాంపండు పడేసింది. ఆయనేటన్నాడో తెల్సా? మజ్జాన్నం దాటితే మా సాధువులు తినకూడదు తల్లీ, రేపు పొద్దున్న పడెయ్యి అన్నాడు!”

ఎస్తేరుకి నవ్వు తన్నుకొచ్చింది. బలవంతాన దిగమింగింది.

“కల్పించి సెప్పకు. మాయమ్మ సెట్లెక్కడమేటి? మోకాళ్ల నొప్పుల్తో మెట్లే ఎక్కలేకపోయేది.”

“మోకాళ్ల నొప్పుల్తోనే పుట్టిందేటమ్మా?”

కరెంటు పోతే జనరేటర్ వేసి వస్తున్న ఎడ్విన్ రాజు, భార్య కోపం చూసి సర్దబోయాడు.

“పోన్లే ఎస్తేరూ, ఎండలో ఉన్నాడు. లోపలికొచ్చి టీ తాగు తాతా.”

“లోపలికొద్దు బాబూ. నాకిక్కడే బాగుంది.”

“లోపలికి రాడు, బయట ఊరుకోడు! అందరి ముందూ మా పరువు తీసేత్తన్నావు. కోటిచ్చేసి ఎల్లిపో తాతా.”

ముసలాయన నవ్వు ఆగిపోయింది. కోటు విప్పి జాగ్రత్తగా మడిచి, టోపీతో సహా మెట్టు మీద పెట్టాడు. మెడ చాచి శవపేటిక వైపు ఒక్కసారి చూశాడు.

“ఎల్లొస్తానమ్మా.”

తనతోనే అన్నాడనుకుంది ఎస్తేరు.

పేటిక ఎత్తబోతుంటే అహరోను తాత వగరుస్తూ వచ్చాడు. మెట్టు మీద కోటు చూసి నిలబడిపోయాడు.

“ఆయనేడీ?”

“పంపించేసేను. ఒచ్చినోళ్లందర్నీ నవ్వించేత్తన్నాడు.”

“అయ్యో! అందుకా, వీధి సివర టీ కొట్టు కాడ నిలబడి కళ్లు తుడుసుకుంటన్నాడు!”

ఎస్తేరు వీధి చివరికి చూసింది.

“ఎవరు తాతా ఆయన?”

అహరోను కోటు తీశాడు. వేసుకోలేదు. తెచ్చి ఎస్తేరు చేతుల్లో పెట్టాడు.

“ఈ ఇంటి గుమ్మం తొక్కనని సచ్చిపోయిన తండ్రికి మాటిచ్చేడట. తొక్కకుండా సెల్లిని సాగనంపాలంటే నీ కోటొక్కటే దారి, ఇయ్యి అహరోనూ అని నిన్న నా సేతులట్టుకున్నాడు. ఆయన పేరు అచ్చెన్న తల్లీ... నీ సొంత మేనమామ.”