పసుపు అంచు

"పసుపా? పారాచూట్‌కా?" పారాచూట్‌లు కుట్టే షెడ్డులో చెన్నరాయప్ప మేస్త్రీ చేతిలోని పట్టు మడత అట్లాగే జారిపోయింది.

"అంచుకి రవ్వంత పెట్టినాను మేస్త్రీ. కొత్త బట్టని ఊరికే ఎట్లా ఇచ్చేది? అది మా తమ్ముడికి కదా," అంది అనసూయ, అదేదో గొప్ప పని చేసినట్లు.

"తడి పసుపా, పొడా?"

"తడిదే."

"ఎంత పని చేసినావు తల్లీ! పట్టుకి తడి తగిలితే మడతలు అతుక్కుంటాయి. దూకినోడి నెత్తిన మూట మూటగానే ఉండిపోతాది!"

అనసూయ చేతిలో సూది అక్కడే పడేసింది. కొంగు నడుముకు చుట్టుకుని మైదానంలోకి పరుగెత్తింది. అప్పటికే ఆలస్యమైంది. యలహంక విమాన స్థావరం మీది ఆకాశంలో రెండు విమానాలు ఒకదాన్నొకటి తరుముకుంటున్నాయి. ఒకటి తమ్ముడు మునిరాజుది, రెండోది వాడి స్నేహితుడు బైరప్పది.

"కిందికి దించమని చెప్పండప్పా!"

"రేడియోలో చెప్పిస్తా, నువ్వు ఈడే నిలువు. భయపడొద్దు, బర్మా యుద్ధానికి పోయే ముందర చేసే ఉత్త సాధనే ఇది. దూకే పని రాదులే," అంటూ మేస్త్రీ ఆఫీసు వైపు ఉరికాడు.

నిన్న అన్నం తింటూ మునిరాజు ఎంగిలి చెయ్యి కడగకుండానే ఈ యుద్ధమంతా చూపించాడు. ఎడమ చెయ్యి పారిపోయేది, కుడి చెయ్యి తరిమేది. "ఎనక నుంచి ఎవడైనా తోక పట్టినాడంటే చావే అక్కా. గిర్రున తిరగాల. లేదా సూర్యుడికి ఎదురుగా పైకి ఎక్కాల. ఎనకోడికి కండ్లు కనపడవు." పక్కన బైరప్ప ముద్ద ముట్టకుండా నీళ్లు తాగుతున్నాడు. అనసూయ ఇద్దర్నీ చూసి నవ్వింది కూడా.

ఇప్పుడు అదే ఆట నెత్తిమీద జరుగుతోంది. అందులో తమ్ముడు ఏ చెయ్యో ఆమెకు తెలియడం లేదు.

ముందున్న విమానం గిర్రున తిరిగింది. వెనకది వదల్లేదు. ముందుది సూర్యుడికేసి నిట్టనిలువునా ఎక్కింది. వెనకది గుడ్డిగా దూసుకుపోయి దాని రెక్కను కొట్టేసింది.

ఒక విమానం రెక్క విరిగి, తిరుగుతూ చెరకు తోటల అవతల పడిపోయింది. అందులోంచి ఎవరూ దూకలేదు. పొగ చిమ్ముతున్న రెండోదాంట్లోంచి చిన్న చుక్కలా ఒక మనిషి దూకాడు.

"విచ్చుకోవే తల్లీ, విచ్చుకో!" అనసూయ బట్టను బతిమాలింది. చేతులు పైకి చాచింది. అంతకంటే ఆమె చేయగలిగింది ఏముంది?

తెల్లగా విచ్చుకుంది.

గాలికి కొట్టుకుపోతూ పారాచూట్ రాగి చేలో వాలింది. ఆమె ముళ్లూ గట్లూ చూడకుండా పరుగెత్తింది. మనిషి మీద పరుచుకున్న పట్టును చేతులతో తడుముతూ అంచు వెతికింది. పసుపు! తన వేలి గుర్తుతో సహా ఉంది. దాన్ని కళ్లకద్దుకుని భోరున ఏడ్చింది. తోటల అవతల లేస్తున్న పొగ వైపు ఒక్కసారి చూసి, "పాపం బైరప్ప! నిన్న ముద్ద కూడా తినలేదు బిడ్డ," అనుకుంది. అలా అనుకుంటున్నప్పుడు కూడా ఆమెకు సంతోషంగానే ఉంది.

"లెయ్ మునిరాజూ, లెయ్ నాయనా," అంటూ పట్టు తొలగించింది.

కింద ఉన్నది బైరప్ప.

"పొద్దున నాకు కాళ్లు ఆడకుంటే, 'మా అక్క పసుపు పెట్టింది, ఇది నువ్వు కట్టుకో, నీకేం కాదు' అని వాడే తనది నాకిచ్చి నాది తీసుకున్నాడక్కా."