ఎర్ర కుర్చీకి పరీక్ష

"ఆ ఎర్ర కుర్చీ అమ్మి కదులు. అప్పటిదాకా ప్రధానమూ లేదు, పెళ్ళీ లేదు," అన్నారు ఓనరు తిరుపతిరావు గారు క్యాష్ కౌంటర్ వెనక నుంచి.

యేసుకుమార్‌కి ఏడుపొక్కటే తక్కువ. సాయంత్రం మంగళగిరి చర్చిలో అతని ప్రధానం, ఉంగరాలు మార్చుకునే వేడుక. పెళ్ళికూతురు హెలెన్ తరపు చుట్టాలంతా అప్పుడే దిగిపోయారు. ఇక్కడేమో బెంజ్ సర్కిల్ దగ్గర ఈ ఫర్నిచర్ షాపులో, ఏడాదిగా అద్దం పక్కన బైఠాయించి ఉందీ గేమింగ్ కుర్చీ. చవక రకమే. కుర్రాళ్ళు వస్తారు, గిరగిరా తిరుగుతారు, సెల్ఫీ దిగి పోతారు. కొన్న పాపాన ఒక్కడూ పోలేదు.

అంతలో ఫోన్ మోగింది. చేతుల నిండా దుమ్ము ఉండటంతో మోచేత్తో స్పీకర్ నొక్కాడు.

"గడ్డం గీయించుకున్నారా?" హెలెన్ గొంతు షాపంతా వినిపించింది.

"మంగళవారం కదా హెలెన్! పొద్దుట్నుంచీ తిరిగా. ఊళ్ళో ఒక్క సెలూనూ తెరవలేదు."

"పాస్టర్ గారికి ఖాళీ అని మంగళవారం పెట్టించింది మీ నాన్నగారేగా! పోనీ, మీరే గీసుకోండి."

"పోయిన క్రిస్మస్‌కి నేనేగా గీసుకుంది. ఫోటోలు చూశావుగా."

ఆ ఫోటోల్లో అతని మొహం కన్నా ప్లాస్టర్లే ఎక్కువ కనిపిస్తాయి.

"అదంతా నాకు తెలీదు. ఆ మాసిన గడ్డంతో వచ్చారంటే ఉంగరం మీ వేలికి కాదు, మా కుక్కపిల్ల మెడకి కడతా!" అని పెట్టేసింది.

"అబ్బాయ్, ఆ ఎర్ర కుర్చీ ఒకసారి చూపిస్తావా?"

గుమ్మంలో ఒక పెద్దాయన నిలబడి ఉన్నాడు. తలమీద తెల్ల టోపీ, భుజాన గుడ్డ సంచి, పెదాల మీద ఆపుకుంటున్న నవ్వు. తన పేరు నాగూర్ అనీ, ఉయ్యూరు బస్సు దిగి తిన్నగా ఇటే వచ్చాననీ ఆయనే చెప్పాడు.

"ఇవాళ మాకు సెలవు. తీరిగ్గా చూసి కొందామని వచ్చా."

యేసుకుమార్ ప్రాణం లేచొచ్చింది. కుర్చీని గబగబా తుడిచి, "కూర్చోండి బాబాయ్ గారూ," అన్నాడు.

"నేనెందుకు? కూర్చునేది నేను కాదుగా. నువ్వు కూర్చో."

వింత బేరమే అనుకుంటూ కూర్చోబోయాడు. "ఆగాగు," అని నాగూర్ కుర్చీని పక్కకి పడుకోబెట్టి ఇనప కాళ్ళని గోటితో తట్టాడు. చేతులు పట్టుకుని ఊపాడు. కుట్లు లాగి చూశాడు. సంచిలోని సీసాలోంచి కాసిని నీళ్ళు రెక్సిన్ మీద పోసి, తువ్వాలుతో తుడిచి, మరక పడిందేమోనని వంగి మరీ చూశాడు. పెళ్ళికూతుర్ని చూడటానికొచ్చిన మేనత్త కూడా అంత పట్టి పట్టి చూడదు.

"చక్రాలు తియ్యొచ్చా? మా దగ్గర కుర్చీ జరిగిందంటే పీకల మీదకొస్తుంది."

"తీసి బుడిపెలు బిగించుకోవచ్చండీ. ఆటలో ఉన్నప్పుడు జరిగితే ఇబ్బందే. గేమింగ్ సెంటర్ పెడుతున్నారా?"

నాగూర్ గడ్డం నిమురుకున్నాడు. "గంటకి ఇద్దరు ముగ్గురు మారతారు. ఒకడు తాటిచెట్టు, ఒకడు మరుగుజ్జు. అందరికీ సరిపోవాలి."

అయితే గేమింగ్ సెంటరే. సందేహం లేదు. యేసుకుమార్ హుషారుగా కూర్చుని మీట నొక్కి కుర్చీని పైకీ కిందకీ ఆడించి చూపించాడు. నాగూర్ అతని చుట్టూ రెండు ప్రదక్షిణలు చేశాడు. తల దగ్గర నిలబడి ఎత్తు చూసుకున్నాడు. కుడి పక్కనించి వంగాడు, ఎడమ పక్కనించి వంగాడు.

"పని చేసే చోట వేసే కుర్చీ బాబూ ఇది. ఉత్తినే చూస్తే గుణం తెలీదు. బాగా వెనక్కి వాల్చు. తల దిండు మీద పెట్టు. ఆఁ, అదీ. ఇప్పుడు కళ్ళు మూసుకో."

"కళ్ళెందుకు బాబాయ్ గారూ?"

"మెత్తదనం కళ్ళు మూసుకుంటేనే తెలుస్తుందయ్యా."

మూసుకున్నాడు. మూసుకున్నవాడు ఎలాగూ మూసుకున్నాను కదా అని, "ప్రభువా, ఈయన మనసు మార్చకు. ఈ కుర్చీ కొనేలా చెయ్యి," అని లోపలే ప్రార్థన మొదలుపెట్టాడు. దసరా సేల్ పేరుతో వారం నుంచీ నిలబడే ఉన్న కాళ్ళవి. నడుం కింద దిండు, నెత్తిన ఫ్యాన్ గాలి. ప్రార్థన ఆమేన్ దాకా వెళ్ళనే లేదు, గురక అందుకుంది.

కలలో హెలెన్ వచ్చింది. పక్కన కూర్చుని చెంప నిమురుతోంది. "నీ చెయ్యేంటి ఇంత చల్లగా ఉంది?" అనడిగాడు. ఆమె నవ్వింది. ఆ నవ్వుకి అతనికి లోకమంతా తేలిగ్గా అనిపించింది. అయినా ఆ చల్లదనం మాత్రం చెంప మీంచి గవద దాకా జారుతూనే ఉంది.

ఉలిక్కిపడి కళ్ళు తెరిచాడు. ఎదురుగా తిరుపతిరావు గారు!

డ్యూటీలో నిద్రపోయాను, ప్రధానం లేదు, ఉద్యోగమూ లేదు అనుకుంటూ లేవబోయాడు. కానీ ఓనరు గారి మొహంలో కోపం లేదు. ఒక చేత్తో నీళ్ళ మగ్గు, ఒక చేత్తో అద్దం పట్టుకుని, పళ్ళన్నీ కనపడేలా నవ్వుతున్నారు.

వెనకనుంచి సబ్బు నురగ అంటిన ఒక అరచెయ్యి యేసుకుమార్ నుదుటిని మెల్లగా దిండుకి అదిమింది.

"కదలకు అబ్బాయ్! కుర్చీ పాసయింది, బిల్లూ కట్టేశా. ఇక నీ రెండో చెంపే మిగిలింది."