తడిగుడ్డ గోధుమలు

"ఏం వెంకటేశం, నీ గోధుమలకు పెండ్లా? ఆకులకు కుంకుమ పూసినవ్!"

సాముయేలు ఎగతాళి విని వెంకటేశం గట్టు మీద కూర్చున్నాడు. చేవెళ్లలో ఇద్దరి విత్తనాలూ పక్కపక్కనే నాటించి, ఏది తట్టుకుంటుందో చూద్దామని సర్కారు అధికారి ఆకులకు ఎర్రగా తుప్పు పట్టించే కుంకుమ తెగులు పొడి చల్లించాడు. సాముయేలు రోజూ పొద్దున్నే దొంగచాటుగా వచ్చి, తన ఆకులను తడిగుడ్డతో తుడిచిపోయేవాడు; అది వెంకటేశం కంటపడింది. నెగ్గిన విత్తనాన్ని సర్కారు కొని మొయినాబాద్ రైతుల నెత్తిన రుద్దుతుందని, పైసలు తనవి, నష్టం వాళ్లదని అతని సంబరం.

అధికారి ఆకులు తిప్పి చూశాడు.

"నీదే గెలిచింది, సాముయేలూ. వచ్చే యాసంగి నీ చేనంతా ఇదే వెయ్యి."

"నా చేన్లనా? మొయినాబాద్‌ల గాదా దొరా?"

"ముందు నీ దగ్గర పండాలి కదా."

"మరి వెంకటేశం?"

"ఆయన విత్తనం ఓడింది. తెగులు తట్టుకునే కొత్త విత్తనం ఆయనకు మేమే ఇస్తాం."



వెంకటేశం లేచి తువ్వాల దులుపుకున్నాడు. "ఆ తడిగుడ్డ పారెయ్యకు అన్నా. చేనంత తుడవాలె గదా."