శనివారం రేటు

“మామూలు రోజుల్లో సగమేనండీ. శని, ఆదివారాల్లో ఫస్టు క్లాసుకి మారాలంటే రెట్టింపు,” అన్నాడు టీసీ.

“ఎందుకూ? శనివారం పూట సీట్లో దూది ఎక్కువ కూరుతారా?” అంది కోడలు.

టీసీకి ఈ ప్రశ్న కొత్తేమీ కాదు. జవాబు మాత్రం ఇంతవరకూ అతనికి ఎవరూ చెప్పలేదు. “రూలండీ,” అని ఊరుకున్నాడు.

సెకండు క్లాసు పెట్టెలో కాలు మోపే చోటు లేదు. దారి పొడుగునా సూట్‌కేసులు, సూట్‌కేసుల మీద మనుషులు. వాళ్ళ మధ్య అత్తగారు సీటు అంచు పట్టుకుని ఒంటికాలి మీద నిలబడి ఉంది. రెండో మోకాలికి పట్టీ కట్టి ఉంది. పట్టీకి పైనా కిందా వాపు. దిగాల్సింది ఆఖరి స్టేషన్లో. అప్పటిదాకా ఆవిడ నిలబడే స్థితిలో లేదని చూసిన ఎవరికైనా తెలుస్తుంది.

“కట్టెయ్యవే. ఇంక నా వల్ల కాదు,” అంది అత్తగారు.

“ఎందుకు కట్టనూ. నోట్లు నా నెత్తిన మొలుస్తున్నాయిగా.”

“నీ సొమ్మేం కాదు. నా కొడుకు సంపాదన.”

“అయితే ఆ కొడుకునే పిలవండి, భుజాన వేసుకుని మోస్తాడు. వారమంతా బాగానే ఉండి, శనివారం పూటే పట్టుకుంటుందేం అత్తయ్యా మీ మోకాలు?”

కొత్త కుక్కరు డబ్బా ఒళ్ళో పెట్టుకుని కిటికీ పక్కన కూర్చున్నాయన ఇటు తిరిగాడు. “ఏమ్మా, పెద్దావిడతో మాట్లాడే తీరేనా ఇది?”

“మీరు లేచి సీటివ్వండి. నా తీరు మార్చుకుంటాను.”

ఆయన కుక్కరు వంక చూసుకున్నాడు. “నాకు నడుం నొప్పమ్మా.”

“నోటికి మాత్రం ఏ నొప్పీ లేదు కాబోలు.”

దాంతో పెట్టె పెట్టంతా భగ్గుమంది. ఈ కాలం కోడళ్ళు ఇంతేనని ఒకరు. నలుగురిలో ఇలా అంటోందంటే నాలుగు గోడల మధ్య ఏం చేస్తోందోనని మరొకరు. న్యాయం చెప్పడానికి అందరికీ నోళ్ళొచ్చాయి, లేవడానికి ఎవరికీ కాళ్ళు రాలేదు. నైట్ డ్యూటీ దిగి కూర్చున్నచోటే నిద్రపోతున్న నర్సు ఒక్కతే కళ్ళు నులుముకుంటూ లేవబోయింది. “ఇలా కూర్చోండి మామ్మగారూ.”

“వద్దు తల్లీ, నువ్వు పడుకో,” అంది అత్తగారు కొంగుతో ముక్కు తుడుచుకుంటూ. “కోడలు కూర్చోబెడితే కూర్చుంటాను గానీ, దారినపోయేవాళ్ళ దయ నాకెందుకు? ఇంట్లో కుర్చీలో కూర్చుంటే కుర్చీ అరిగిపోతుందంటుందమ్మా ఇది.”

“అరగదా మరి? పొద్దస్తమానం అందులోనే కూర్చుని ఫోన్లో నా మీద చాడీలు చెప్తుంటే?”

“చూశారా, చూశారా,” అంటూ అత్తగారు బావురుమంది.

కోడలు సంచీ భుజానికి తగిలించుకుంది. “ఏడుపు ఆపండి. వచ్చే స్టేషన్లో దింపేస్తాను. ప్లాట్‌ఫారం మీద బెంచీ ఉంటుంది. దానికి శనివారం రేటు లేదు.”

కుక్కరాయన డబ్బా మీద ఠపీమని చరిచాడు. “దింపు చూద్దాం. గొలుసు లాగి రైలాపేస్తాను.” నడుం నొప్పి సంగతి మర్చిపోయి సగం లేచాడు కూడా. పక్కనే నిలబడ్డ మనిషి ఆ సీటు వైపు ఆశగా చూసేసరికి గుర్తొచ్చి మళ్ళీ కూలబడ్డాడు.

కోపం ఎంతసేపని ఒకరి మీదే నిలుస్తుంది? మెల్లిగా టీసీ మీదికి మళ్ళింది.

“అసలు మీ రేటు వల్లే వచ్చింది ఈ గొడవంతా,” అంది తలుపు దగ్గర నిలబడ్డ ఒకావిడ. “ఫస్టు క్లాసులో ఎన్ని సీట్లు ఖాళీ?”

టీసీ నసిగాడు. “సగం దాకా ఉంటాయండీ.”

“అంటే ఖాళీ సీట్లు శనివారం కూడా ఊరికే ప్రయాణం చెయ్యొచ్చు. వాటి మీద మనుషులు కూర్చుంటే మాత్రం రెట్టింపు. ఇదెక్కడి లెక్కయ్యా?”

“నేను పెట్టిన రేటు కాదమ్మా.”

“పెట్టినవాళ్ళు మా పెట్టెలోకి రారుగా. దొరికింది నువ్వే, నువ్వే పడు.”

ఇటు అత్తగారి ఏడుపు, అటు కోడలి సాధింపు, మధ్యలో పెట్టెలోవాళ్ళ తిట్లు. టీసీ టికెట్ల మిషను జేబులో పడేశాడు. “పెద్దావిడా, మీరు నాతో రండి. ఫస్టు క్లాసులో కూర్చోబెడతాను. ఎవరైనా అడిగితే నేను చూసుకుంటాలే.”

“మంచి పని చేశారు,” అన్నాడు కుక్కరాయన. “ఆ కోడల్ని మాత్రం ఇక్కడే నిలబడనివ్వండి. బుద్ధొస్తుంది.”

“నిలబడతాను. మీ నడుం నొప్పి తగ్గేదాకా మీ నెత్తినే నిలబడతాను,” అంది కోడలు.

నర్సు చేతులు జోడించింది. “ఆవిణ్ణి కూడా తీసుకుపొండి బాబూ. ఇందాకణ్ణుంచీ ఒక్క కునుకు లేదు. మీకు పుణ్యముంటుంది.”

పెట్టె అంతా ఆ మాటే అందుకుంది. టీసీ ముందు నడిచాడు. అత్తగారు కుంటుతూ, కోడలు గొణుగుతూ వెనక నడిచారు. ఖాళీగా ఉన్న ఫస్టు క్లాసు గదిలో ఎదురెదురు సీట్లు చూపించి, “పక్క గదుల్లో జనం ఉన్నారు, మీకు దణ్ణం పెడతాను, ఇక్కడైనా కొట్టుకోకండి,” అని తలుపు జరిపి వెళ్ళిపోయాడు టీసీ.

అతని బూట్ల చప్పుడు దూరమయ్యేదాకా ఇద్దరూ చెరో వైపూ మొహాలు తిప్పుకుని కూర్చున్నారు. తరవాత అత్తగారు వాచిన కాలు చాపి కోడలి ఒళ్ళో పెట్టి, “వచ్చే శనివారం గయ్యాళి వంతు నాదే, ఏడ్చి ఏడ్చి కళ్ళు మండిపోతున్నాయి,” అంది.