కాల్గరీలో సముద్రం లేదుగా

"పప్పులో మళ్ళీ ఉప్పెక్కువైంది," అన్నాడు కాశీవిశ్వనాథం.

"నిన్న తక్కువన్నారుగా! రేపట్నుంచి మీరే వేసుకోండి," అంటూ సూర్యకుమారి ఉప్పుడబ్బా ఆయన ముందు ఠపీమని పెట్టింది.

అంతలో టీవీలో యుద్ధం నడుస్తున్న ఓ చిన్న దీవి దగ్గర మరో యుద్ధనౌక తగలబడటం చూపించారు. ఆమె చప్పున భర్త వైపు తిరిగింది.

"పిల్ల ఈ కెనడా నేవీ రిజర్వులో పార్ట్‌టైమ్‌గా చేరతానంటే సరేనన్నది మీరే."

"కాల్గరీలో సముద్రమెక్కడుందిలే అనుకున్నానే!"

కూతురు వర్ష వచ్చి కంచం ముందు కూర్చుంది. అన్నం కలుపుతోంది గానీ ముద్ద నోటిదాకా వెళ్ళడం లేదు. దీనికి భయమన్నదే తెలియదని ఇన్నాళ్ళూ సూర్యకుమారి విసుక్కునేది.

"ఏమైందే?"

"ఆ దీవి దగ్గరికెళ్ళే మా షిప్‌కి వాలంటీర్స్ కావాలన్నారు మమ్మీ."

"భయమైతే రానని చెప్పెయ్. తప్పేముంది?"

"అక్కడున్న నా ఫ్రెండ్స్‌కీ భయమే మమ్మీ. అందుకే వస్తానని చెప్పేశా. మండే ఫ్లైట్."