చావకూడని ఎలుకలు

"కోడిపిల్లల కాళ్ళు కొరికినా సరే, గుడ్లు దొర్లించుకోని పోయినా సరే. మన పెరట్లో ఒక్క ఎలుక గూడా సావగూడదు!"

జులేఖా బీ ఇంటిల్లిపాదినీ కోళ్ళగూటి ముందు నిలబెట్టి ఆజ్ఞాపించింది.

ప్లేగు సంవత్సరాలవి. డోన్ చుట్టుపక్కల పల్లెల్లో చచ్చిన ఎలుక కనబడితే చాలు, ఊరు ఖాళీ చేయవలసిందే. పొలాల్లో గుడిసెలు వేసుకొని, సర్కారువారు రమ్మన్నప్పుడే తిరిగి రావాలి. ఆ నిబంధనను రచించిన దొరలు మనుషులను గురించి కొంత ఆలోచించారు. కోళ్ళను గురించి బొత్తిగా ఆలోచించలేదు. క్రితంసారి పొలాల్లో జులేఖా బీ కోళ్ళన్నిటినీ నక్కలు తినిపోయాయి. ఆ ఇంట్లో ఆమెది అని చెప్పదగిన ఆస్తి కోళ్ళు తప్ప మరేదీ లేదు. మళ్ళీ ఒక్క పెట్టతో మొదలుపెట్టి గూడు నింపుకున్నది.

"నా పిల్లిని తోలేదా? ఒక్క పూటలో సఫా జేస్తాది," అన్నది పొరుగింటి రాహేలమ్మ.

"సంపి సగం తిని ఈడ పారేస్తే? ఇన్‌స్పెక్టరుకు నీ పిల్లి వచ్చి సాక్ష్యం చెప్తాదా? కట్టెయ్ మే దాన్ని!"

ఏ నేరమూ ఎరుగని పిల్లి నులకతాడుకు బందీ అయి, వీధి వీధంతా వినబడేటట్లు మొరపెట్టుకున్నది.

పాషాణం పెడదామని జులేఖా బీ భర్త ఇమాం బాషా అన్నాడు. ఆమె చూసిన చూపుకు, మేకలను చూసి రావలసిన పని ఆయనకు ఉన్నట్టుండి గుర్తుకు వచ్చింది.

ఎలుకలను చంపకుండా తరిమే విద్యను ఆమె తానే కనిపెట్టుకున్నది. గూటిని బండల మీదికి ఎత్తించింది. చుట్టూ ముళ్ళకంప వేయించింది. రాలిన జొన్నగింజ ఒక్కటి మిగలకుండా ఊడ్పించింది. అయినా వచ్చినవాటిని బోనులో పట్టి, తానే నెత్తిన పెట్టుకొని, వంక దాటించి వదిలేది. "పోయిరాండి నాయనా, మళ్ళా ఈ దిక్కు రావద్దండి," అని కొత్త అల్లుళ్ళకు చెప్పినట్లు చెప్పేది. ఒకనాడు బోనులోని ఎలుక నీరసంగా కనబడితే దానికి జొన్నసంకటి తినిపించింది.

ఇమాం బాషా ఓర్చుకోలేకపోయాడు.

"నాకు జరమొచ్చినప్పుడు ఇంత సేవ జేసినావా?"

"నువ్వు పోతే ఊరంతా ఖాళీ చెయ్యమంటారా?"

అట్లాంటి రోజుల్లో, రైలు కొలువులో దూరాభారాలు తిరిగే వారి కొడుకు హుసేన్ వలి డోన్ స్టేషనులో దిగి సెలవు మీద ఇంటికి వచ్చాడు. పెళ్ళై ఏడాది నిండలేదు. కోడలు చాంద్ బేగం బద్వేలు పిల్ల. ఇంటికి ఉన్నది ఒకే గది. ఆ గదికి ఒకే శాసనం. ఇమాం బాషా తల్లి, చూపు పోయిన మాబున్నీసా, ఎన్నడో చేసిన శాసనమది: ఆడవాళ్ళు లోపల, మగవాళ్ళు మిద్దె మీద. ఆమె మాటకు ఎదురు చెప్పే నాలుక ఆ ఇంట్లో ఎవరికీ మొలవలేదు.

ఆలుమగలకు మిగిలిన చోటు కోళ్ళగూడు. ముళ్ళకంప సరిచేసే నెపంతో అతడు ఈ వైపు, ఆమె ఆ వైపు కూర్చునేవారు. ఒక్క కొమ్మను నాటడానికి వారికి ఒక పూట పట్టేది. ముసలామెకు చూపు పోయింది గాని, చెవులు పోలేదు.

"ఎవరా గుసగుస?"

"ఎలుకలు, జేజీ!" అన్నాడు హుసేన్ వలి.

"గాజులేసుకోని తిరుగుతాండాయా, ఎలుకలు?"

ఆ మాటకు ఊరంతా పొట్ట పట్టుకొని నవ్వింది. జులేఖా బీ ఒక్కతే నవ్వలేదు. మళ్ళీ రైలెక్కితే కొడుకు రంజాను దాకా రాడు.

మరునాటి మధ్యాహ్నం గూటి పక్కన ఎలుక చచ్చి పడి ఉన్నది.

జులేఖా బీ పెట్టిన కేక మూడు వీధులకు వినబడింది. ప్లేగు ఇన్‌స్పెక్టరు దావీదురాజు వచ్చి, ఎలుకను కర్రతో అటూ ఇటూ తిప్పి చూశాడు.

"పిల్లి గాటు లేదు. ఊరు ఖాళీ చేయండి."

"నా కోళ్ళు, సామీ! నక్కల నోట్లో పెట్టమంటావా?" అని ఆమె గుండెలు బాదుకున్నది.

ఆ తరువాత కోడలి మీద విరుచుకుపడింది. "గూడు ఊడ్చేది నువ్వే గదా! కళ్ళు యాడ పెట్టుకున్న్యావు?"

"నాకు తెలీదత్తా, అల్లా మీద ఒట్టు!"

"నీ మొగం నాకు సూపొద్దు! మీ గుడిసె ఆ కొసన ఏసుకోండి, మాది ఈ కొసన. అత్తను నా కాడనే పండబెట్టుకుంటా!"

ఇంత చిన్నదానికి ఇంత కోపమా అని రాహేలమ్మ ముక్కున వేలు వేసుకున్నది. చాంద్ బేగం కన్నీళ్ళు తుడుచుకుంటూ మూట కట్టుకున్నది.

సాయంత్రానికి పొలాలు జాతరలాగా ఉన్నాయి. చట్టీలు, మంచాలు, మేకలు, నులకతాడుతో సహా రాహేలమ్మ పిల్లి. దీపాలు పెట్టే వేళకే నక్క ఒకటి వచ్చి జులేఖా బీ నల్లపెట్టను ఎత్తుకుపోయింది. ఆమె వేయబోయే కేక కోసం అందరూ చెవులు మూసుకున్నారు. కేక రాలేదు.

చివరి గుడిసె నుంచి నవ్వులు వినవచ్చాయి.

"ఎవరే ఆ నవ్వేది?" అని మాబున్నీసా అడిగింది.

"నక్కలు లే అత్తా, పండుకో," అంటూ జులేఖా బీ గుప్పెడు బూడిద తీసుకొని, ఆ పొద్దున బోనులో పడిన ఎలుకను కుడితితొట్టిలో ముంచి చంపి, దాన్ని ఎండబండ మీద ఆరబెట్టిన తన చేతులను మరొకసారి రుద్ది కడుక్కున్నది.