అక్క వినని పాట

"తలుపు తియ్యరా తమ్ముడూ!" అక్క అరచేతులు వాచేలా కొడుతోంది. లోపల ఉలుకూ పలుకూ లేదు.

తమ్ముడి స్నేహితుడైన బస్సు డ్రైవరు పరుగున మెట్లెక్కి వచ్చాడు. ఆయనకి హిప్‌హాప్ పాటలిష్టం, తమ్ముడికి బ్లూస్ అనే విషాదగీతాలిష్టం. నచ్చిన పాటలు ఫోన్లో ఒకరికొకరు పంపుకునే గ్రూపు వాళ్లది. ఉద్యోగం పోయినవాడికి పాటలేమిటని అక్క నిన్ననే తమ్ముణ్ణి తిట్టిపోసింది.

"పొద్దున ఒక పాట పంపాడమ్మా. ఇదే ఆఖరిదని కింద రాశాడు. అందరూ విని ఏదో ఒకటి చెప్పేదాకా పంపినవాడు గ్రూపు వదిలి వెళ్లకూడదని మా కట్టుబాటు. ఆ రాసింది చూసుకోకుండా, బాగుందని అందరం చెప్పేశాం!" డ్రైవరు తన ఫోను చూపించాడు.

అక్క ఆ ఫోను లాక్కుని, పాట పెట్టి, తలుపుకు ఆనించింది.

"ఒరేయ్, నేనింకా వినలేదురా! ఈ పాటగాడు పాడుతున్నాడో ఏడుస్తున్నాడో నాకు తెలీడం లేదు. నువ్వు చెప్పకపోతే నాకెవడు చెప్తాడురా?"

పాట సగమైంది. లోపలి నుంచి బొంగురు గొంతు వినిపించింది.

"అలా వినకే అక్కా. ఫోన్లో ఆ గిటారు తెలీదు."

"మరెలా వినాలిరా?"



"నా స్పీకర్లో."

గడియ కదిలింది.